చెరిసగం

పంపుహౌస్, సోమవారం మధ్యాహ్నం

ప్రియమైన కామాగారికి,

మీ ప్రెస్సువాళ్ళు పిలిచే పేరుతో పిలిచానని కోపం తెచ్చుకోకు. ఇవాళ నిన్ను ఏ పేరుతో పిలిచినా ముద్దుగానే ఉంది. ముందు ఎక్కడైనా కూర్చో. నిలబడి చదివితే పడిపోతావు.

నాకు బదిలీ వచ్చింది.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మీ ఊరి నీళ్ళ ట్యాంకుల దగ్గరే డ్యూటీ. నీ గది నుంచి సైకిలు మీద అరగంట. ఆరేళ్ళుగా ఏడాదికి ఇరవై రోజుల కాపురం చేస్తున్నాం. ఇక రోజూ సాయంత్రం ఇంటికొస్తాను, నువ్వు వద్దన్నా వస్తాను. ఆర్డరు ఇంజనీరుగారే స్వయంగా తెచ్చి చేతిలో పెట్టారు. నేను మూడుసార్లు చదివి, ఎవరిదైనా పొరపాటున నాకిచ్చారేమోనని నాలుగోసారి పేరు చూసుకున్నాను.

గ్రీజు పెదనాన్న అయితే నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. ఇక్కడి పంపులన్నిటికీ ముప్ఫై ఏళ్ళుగా గ్రీజు పెడుతున్న చెయ్యి కదా, నా చొక్కా వీపుమీద ఐదువేళ్ళూ నల్లగా అచ్చుపడ్డాయి. "పోరా పో. ఇన్నేళ్ళూ నీ ఏడుపు మొహం చూసి నా పంపులు కూడా దిగులు పెట్టుకున్నాయి" అన్నాడు. ఆయనకి ఇంకో పదకొండు నెలలే సర్వీసు. నేను వచ్చిన కొత్తలో, ఈ కొండమీద ఎవరూ తెలియనప్పుడు, నాకు అన్నం పెట్టిన ఇల్లు ఆయనదే. ఆయన్ని వదిలి రావడం ఒక్కటే కష్టంగా ఉంది.

మన బైబిలు రెండు ముక్కలూ ఇక ఒక బల్లమీదకే వస్తాయి. మీ అమ్మగారు పెళ్ళికిచ్చిన పుస్తకాన్ని మీ ప్రెస్సు బైండరు చేత కోయించి, పాతది ఒకరం కొత్తది ఒకరం పంచుకున్నామని తెలిసి పాస్టరుగారు ఎంత మండిపడ్డారో గుర్తుందా? ఏటా సెలవులో మార్చుకుంటామని చెప్తేగాని ఆయన శాంతించలేదు. ఈ ఏడు నా వంతు పాత నిబంధన. చదివినదాంట్లో ఒక్కటైనా చెయ్యనిదే పేజీ తిప్పకూడదని మీ అమ్మగారి షరతు ఒకటి! పొరుగువాడి పశువు తప్పిపోతే తోలుకెళ్ళి అప్పగించమని ఉంది. నాకిక్కడ పశువు ఎక్కడ దొరుకుతుంది? స్టోరుకీపరు కోడి దొరికింది. దాన్ని పట్టుకోవడానికి కొండ సగం దిగాను. పేజీ మాత్రం తిప్పాను.

బదిలీకి కృతజ్ఞతగా ఇక్కడి ప్రార్థన మందిరం కిటికీలు, తలుపులు నా చేత్తో రంగు వేసి ఇస్తానని మొక్కుకున్నాను. మూడో ఆదివారం అర్పిస్తాను.

డ్యూటీలో కూర్చునే రాస్తున్నాను. ఇప్పుడే లేచి, పంపు రిజిస్టరులో రెండు గంటల గడిలో 'బాగుంది' అని రాసి మళ్ళీ నీ దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఏదో మాడిన వాసన వస్తోంది, చూసొస్తాను. మిగతాది వచ్చాక మాట్లాడుకుందాం.

ఇక రోజూ నీవాడు


శుక్రవారం

ప్రియమైన మీకు,

మీరు చెప్పినట్టే కూర్చుని చదివాను. అయినా లేచి గంతులేశాను. కంపోజింగు గదిలో అందరూ చూశారు. ఫోర్‌మన్‌గారు కళ్ళజోడు పైకి తోసి, "కామాగారు ఇవాళ ఆశ్చర్యార్థకం అయిపోయారే" అన్నారు. మధ్యాహ్నం దిద్దిన ప్రూఫులు సాయంత్రం మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది. పన్నెండేళ్ళ సర్వీసులో ఒక్క లైను జారిపోనివ్వలేదని నాకున్న పేరు మీ బదిలీతో పోయేలా ఉంది.

గదిలో మంచం గోడవైపుకి జరిపాను. మీ సైకిలు మెట్లకింద పెట్టుకోవడానికి ఇంటావిడ ఒప్పుకుంది. ఆవిడ ఒప్పుకోవడం మామూలు సంగతి కాదు. మనల్ని బాధపెట్టేవాళ్ళ కోసం ప్రార్థించమని నా సగంలో ఉంది కదా, అందుకని ఆవిడ కోసం మొదలుపెట్టాను. మొదటి రోజు ఆవిడ రేడియో పాడైపోవాలని ప్రార్థించాను. అది లెక్కలోకి రాదని నాకే అనిపించి, రెండోరోజు ఆవిడ మోకాళ్ళ నొప్పి తగ్గాలని అడిగాను. మోకాళ్ళు బాగున్నాయేమో, మూడోరోజు పొద్దున ఆవిడ చకచకా లేచి వెళ్ళి మరీ రేడియో గొంతు ఇంకా పెంచింది. పేజీ తిప్పాలా వద్దా?

ఏమండీ, ఒక మాట చెప్తాను, నవ్వకండి. నాకు ముప్ఫై నాలుగు వచ్చాయి. ఆరేళ్ళుగా ఒక్కదానికే వండుకుంటున్నాను. కూర మిగలకుండా వండడం కూడా నేర్చేసుకున్నాను. నిన్న సాయంత్రం ఇద్దరికి సరిపడా బియ్యం కడిగి, గిన్నె వంక చూస్తూ నిలబడిపోయాను. త్వరగా రండి.

మాడిన వాసన అన్నారు, ఏమిటది? చూసొస్తానన్నారు, చూసొచ్చి ఏమిటో రాయలేదు.

ఎదురుచూస్తున్న మీ కామా


తర్వాతి వారం, గురువారం

ప్రియమైన నీకు,

మాడింది రెండో పంపు. నేను వెళ్ళేసరికి బేరింగు ఎర్రగా కాలి, ఇరుసు బిగుసుకుపోయి, మోటారు కూడా పోయింది. కింద ఊరికి రెండు రోజులు నీళ్ళు లేవు. ఆసుపత్రికి కూడా ట్యాంకర్లతో తోలారు.

విచారణ జరిగింది. గంటగంటకీ బేరింగుమీద చెయ్యి వేసి, వేడి చూసి, రిజిస్టరులో రాయాలని నీకు తెలుసు. పై నుంచి వచ్చిన ఆఫీసరు రిజిస్టరు తిరగేసి, "రెండింటికి బాగున్నది మూడింటికల్లా కాలిపోయిందంటే ఒక్కటే కారణం. గ్రీజు పెట్టలేదు" అన్నాడు. పెదనాన్న పెట్టానన్నాడు. ఎవరూ వినలేదు. అదే రోజు సస్పెండు చేశారు. నేరం రుజువైందని తేలిస్తే పింఛను రాదు. క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలట.

ఆయన గ్రీజు పెట్టాడు. చల్లార్చే నీటి గొట్టం పూడుకుపోయింది, అందుకే కాలింది. రెండు గంటలకి చెయ్యి వేసి ఉంటే నాకు తెలిసేది, పంపు ఆపేవాణ్ణి. నేను చెయ్యి వెయ్యలేదు. కుర్చీలోంచి లేచి, బల్లదాకా వెళ్ళి, 'బాగుంది' అని రాసి, మళ్ళీ నీకు ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. పెదనాన్నని ముంచింది నేను రాసిన ఆ ఒక్క మాటే. అది లేకపోతే ఆ ఆఫీసరు ఆయనవైపు చూసేవాడే కాదు.

విచారణలో నన్ను అడిగింది ఒక్కటే. "ఈ దస్తూరి మీదేనా?" నాదేనన్నాను. అంతకన్నా అడగలేదు, అంతకన్నా చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను అక్కడ, ఎవరూ చూడలేదు.

నేను చెప్తే బదిలీ పోతుంది. ఉద్యోగం కూడా పోవచ్చు. చెప్పకపోతే ఇంకో ఇరవై రోజుల్లో నీ దగ్గర ఉంటాను. నా సగంలో ఎక్కడ తెరిచినా అబద్ధ సాక్ష్యం గురించే కనబడుతోంది. నీ సగంలో ఏముందో చూడాలని ఉంది. కొండమీది ప్రసంగంలో కోపం గురించి చెప్పాక, కానుక తెచ్చేవాళ్ళ గురించి ఏదో ఉంటుంది కదా. పోయినేడు చదివాను గాని మాటలు సరిగ్గా గుర్తురావడం లేదు. ఆ భాగం మొత్తం నీ చేత్తో రాసి పంపు. కిటికీలకి రంగు వేస్తున్నాను. అర్పించే ముందు ఒకసారి చదువుకుంటాను.

నీవాడు


సోమవారం

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీరు పడుతున్న బాధ నాకు తెలుస్తోంది. నాకు ఉత్తరం రాస్తూ కూర్చున్నందువల్లే ఇదంతా జరిగిందంటే నాకూ భోజనం సయించడం లేదు.

అడిగిన భాగం విడి కాగితం మీద రాసి ఇందులో పెట్టాను.

నాకు తోచింది చెప్తాను. తొందరపడకండి. పెదనాన్నకి ఎటూ పదకొండు నెలలే మిగిలింది. ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి పింఛను అంత తేలిగ్గా ఆపరు, పైవాళ్ళకి మాత్రం మనసుండదా? మీరు ముందు ఇక్కడికి వచ్చెయ్యండి. వచ్చాక ఆయనకి ఏ విధంగా సాయం చెయ్యాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. దేవుడు మనసు చూస్తాడు. మీ మనసులో చెడు లేదు. నా సగమంతా కృపే కదండీ.

గదికి కొత్త తెర కుట్టాను. ఇంటావిడ మోకాళ్ళకి ఏదో నూనె తెచ్చిచ్చాను, ఈసారి ప్రార్థనతో సరిపెట్టలేదు.

ఒకటో తారీఖున బస్టాండుకి వస్తాను.

మీ కామా


పదకొండు రోజుల తర్వాత

ప్రియమైన మీకు,

మీ దగ్గర నుంచి జవాబు లేదు. జవాబు వచ్చేదాకా ఆగితే నాకు ధైర్యం పోతుంది. అందుకని రాస్తున్నాను.

నిన్న ప్రెస్సులో ఒక మందుల కంపెనీ కాగితం ప్రూఫు వచ్చింది. పిల్లలకి ఎంత మోతాదు ఇవ్వాలో చెప్పే లైను ఎగిరిపోయింది. కంపోజిటరు మీద ఇంతెత్తున లేచాను. పాపం, ఆయన మంచివాడే, "ఒక్క లైనే కదమ్మా, కోపమెందుకు, పెట్టేస్తాను" అన్నాడు. "ఆ ఒక్క లైనుకోసమే కదయ్యా కాగితమంతా!" అని అరిచాను. అందరి ముందూ బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను. ఫోర్‌మన్‌గారు ఏమీ అడక్కుండా తన రుమాలు తెచ్చిచ్చి, ఫ్యాను నావైపు తిప్పి వెళ్ళిపోయారు.

మీకు రాసి పంపిన భాగంలో రెండు వచనాలు నేను వదిలేశాను. మర్చిపోయి కాదు. అక్కడిదాకా రాసి, కలం ఆపి, కళ్ళతో ఆ రెండూ చదివి, దాటేసి, కింద వచనం నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. నంబర్లు కూడా వెయ్యలేదు, మీకు తెలియకూడదని.

అక్కడ ఉన్నది ఇది. నువ్వు కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చాక, నీవల్ల నొచ్చుకున్న సోదరుడు ఒకడున్నాడని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలెయ్యి. ముందు వెళ్ళి అతనితో సమాధానపడు. తర్వాత వచ్చి అర్పించు.

ఇది రాస్తే మీరు వెళ్తారని నాకు తెలుసు. చదివింది చెయ్యకుండా పేజీ తిప్పలేని మనిషి మీరు. రాయకపోతే ఇంటికొస్తారు. నాకు మీరు కావాలి. అంతే. దేవుడికి ఇవ్వాల్సింది కూడా దాచుకునేంత కావాలి. ఒకప్పుడు దీన్ని ప్రేమ అనుకున్నాను. ఇప్పుడు అద్దంలో నా మొహం చూసుకోలేకపోతున్నాను. మా అమ్మ ఇచ్చిన పుస్తకాన్ని కోయించినప్పుడు ఒక్క అక్షరం పోనివ్వలేదు. నేనే నా కలంతో పోనిచ్చాను.

పదకొండు నెలలే కదా అని ఎంత తేలిగ్గా రాసేశానండీ! మనం ఆరేళ్ళు ఎదురుచూశాం. ఆయన ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశాడు.

వెళ్ళి చెప్పెయ్యండి. బదిలీ పోతే పోనివ్వండి. ఉద్యోగం పోతే నా జీతంతో ఇద్దరం బతుకుతాం. ఎప్పటికి రాగలిగితే అప్పుడే రండి, నేను ఉంటాను. నన్ను క్షమించండి.

మీ భార్య


మంగళవారం

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం ఇవాళే అందింది. నువ్వు ఏడ్చిన చోట సిరా పాకింది. నేను చదివిన చోటా పాకింది.

నాకు తెలుసు. ఆ కాగితం విప్పిన రోజే తెలిసింది. నీ చేతిమీదుగా ఒక్క లైను కూడా జారదు. రెండు వచనాలు లేవంటే నువ్వే తీశావన్నమాట. ఆ రెండూ నాకు కంఠస్థం. పోయినేడు ఆ పేజీ దగ్గరే, అంతదాకా మాటలు లేని స్టోరుకీపరుతో మాటలు కలుపుకున్నాను, లేకపోతే ఈ ఏడు అతని కోడి కోసం కొండ దిగేవాణ్ణే కాదు.

మరి తెలిసీ ఎందుకు అడిగానంటావు. ఇది చెప్పడానికి నాకు నీకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. నువ్వు వదిలేస్తావేమోనన్న ఆశతోనే అడిగాను. నీకు నేనంటే ఎంత పిచ్చో నాకు తెలియదా? నువ్వు రాసి పంపితే వెళ్దాం, వదిలేస్తే నేను ఒక్కణ్ణే కాదు కదా అనుకున్నాను. నా దొంగతనానికి నిన్ను కాపలా పెట్టాను. కాగితం విప్పగానే ఒక్క నిమిషం నిజంగా సంతోషం వేసింది. ఆ సంతోషం నాకు భయం వేసేలా చేసింది. నీలాంటి మనిషి చేత కూడా వాక్యం కోయించగలిగానంటే ఇంక నేనేం మిగిలినట్టు?

అయినా వెంటనే వెళ్ళానని అబద్ధం చెప్పను. అయిదు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. మూడో ఆదివారం రంగులు ఆరిన కిటికీలు అర్పించడానికి మందిరంలో నిలబడ్డాను. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే, "ఒక్క పావుగంట ఆగండి" అని చెప్పి బయటికి నడిచాను. పావుగంట కాదు, ఆ రోజు మళ్ళీ వెళ్ళనేలేదు.

పెదనాన్న గుమ్మంలో గిన్నెలు మూట కడుతున్నాడు. నిలబడే అంతా చెప్పాను. ఆయన తలెత్తలేదు. ముడి వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. చివరికి, "నీ ఇంటికీ నా ఇంటికీ మధ్య రోడ్డు కూడా లేదు కదరా. మూడు వారాలు పట్టిందా?" అన్నాడు. కాళ్ళు పట్టుకోబోతే జరిగిపోయాడు. "దణ్ణాలొద్దు. ఆఫీసుకి పద" అన్నాడు.

ఇద్దరం నడిచి వెళ్ళాం. ఆదివారం కావడంతో ఇంజనీరుగారిని ఇంటి నుంచి పిలిపించాం. ఇంజనీరుగారి ముందు నేను రాసిచ్చి సంతకం పెట్టాను. పూడిన గొట్టం విప్పించి చూపించాను. నాలుగోరోజున పెదనాన్నని తిరిగి తీసుకున్నారు, పింఛనుకి ఢోకా లేదు. నా బదిలీ రద్దయింది. ఉద్యోగం ఉంచారు గాని కింది గ్రేడులో, ఇక్కడే, ఇంకో రెండేళ్ళు. అంతదాకా సెలవు కూడా ఇవ్వరు.

పెదనాన్న ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. "బేరింగు చూశావా?" అని మాత్రం గంటగంటకీ వచ్చి అడుగుతాడు. చూశానంటే తనూ చెయ్యి వేసి చూసి వెళ్తాడు. నాకు అదే చాలు. నమ్మకం అడిగి తెచ్చుకునేది కాదుగా.

రెండేళ్ళంటే మళ్ళీ నీ గిన్నెలో ఒక్కరికే బియ్యం. ఆ మాట తలుచుకుంటే తట్టుకోలేకపోతున్నాను. నేను చేసిందానికి నువ్వు శిక్ష అనుభవిస్తున్నావు. నిన్ను క్షమించాల్సింది ఏమీ లేదు. నన్నే నువ్వు క్షమించు. తప్పు చెరిసగం అని మాత్రం అనకు, పెద్ద ముక్క నాది.

ఆదివారం కిటికీలు అర్పించాను. వెలుతురు బాగా వస్తోంది.

నీవాడు


గురువారం

ప్రియమైన మీకు,

రెండేళ్ళు ఆగడం నా వల్ల కాదు. మీకు సెలవు ఇవ్వకపోతే నాకు ఇస్తారు. ఫోర్‌మన్‌గారికి అంతా చెప్పేశాను, ఏదీ దాచలేదు. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "నెలకి పది రోజులు ప్రూఫులు పోస్టులో పంపుతానమ్మా. కొండమీదే కూర్చుని దిద్దు. లైను జారిందో, జీతం కోస్తాను" అన్నారు. ఇంటావిడ బస్సులో తినడానికి మూట కట్టిస్తానంది, రేడియో గొంతు తగ్గించి మరీ దీవించింది.

వచ్చే వారం శనివారం పొద్దున పది గంటల బస్సుకి దిగుతాను. మీకు ఆ రోజు ఆఫ్ దొరికినా బస్సు దగ్గరికి రాకండి. దయచేసి రాకండి. మిమ్మల్ని చూస్తే అక్కడే ఆగిపోతాను, ఇంకో అడుగు ముందుకు వెయ్యలేను. ఇంట్లోనే ఉండండి.

ఆయన్ని పదకొండు నెలల మనిషి అని తీసిపారేసింది మీరు కాదు, నేను. ఆ మాట ఆయనకి తెలియదు. నేను చెప్పాలి. కసురుతాడో, గుమ్మంలోనే నిలబెడతాడో నాకు తెలియదు. నిలబడతాను.

ముందు పెదనాన్న ఇంటికి వెళ్తాను. తర్వాత మీ దగ్గరికి వస్తాను.

మీ కామా